ఇంటి పని, ఇంట్లో గాలి: దుమ్ముకి నీళ్ళు, వాసనకి కిటికీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. శ్రావణం దగ్గర పడింది కదా, గృహప్రవేశాల సీజను, ఏ వీధిలోకి వెళ్ళినా గ్రైండర్ మోత, లప్పం గీకుడు, పాలిష్ వాసన. కాబట్టి లీకేజీలు, వాస్తు తగాదాలు ఈ వారానికి పక్కన పెడదాం (వాస్తుకి ఎలాగూ నేను జవాబు చెప్పనని మీకు తెలుసు). ఒక్క మాట ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కింద ఉన్న ప్రశ్నల్లో చాలావరకు దీన్ని కలిపేసుకోవడం వల్ల వచ్చినవే. పని జరిగే ఇంట్లో గాలి రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి దుమ్ము, రెండోది వాసన, అంటే రంగులు, జిగురుల నుంచి వచ్చే ఆవిర్లు. దుమ్ముకి పనికొచ్చే మందు వాసనకి పనికిరాదు.

ప్ర: మా పెద్దమ్మాయికి ఆరో నెల నడుస్తోంది. ఏడో నెల రాగానే సీమంతం చేసి పురిటికి తీసుకొస్తాం. ఈలోగా రెండు బెడ్‌రూముల్లో పాత మొజాయిక్ తీయించి టైల్స్ వేయించి, రంగులు కూడా వేయిద్దామని పని మొదలుపెట్టాం. మేం అదే ఇంట్లో ఉంటున్నాం. తలుపు వేసే ఉంచుతున్నా దుమ్ము వంటింట్లో పోపుల డబ్బా మీద కూడా పేరుకుంటోంది. అమ్మాయి వచ్చాక కూడా ఒక గదిలో పని చేయించుకోవచ్చా?
ఒక పాఠకురాలు, తెనాలి

జ: చేయించుకోవద్దమ్మా. అమ్మాయి వచ్చేలోగా ఎంత అయితే అంతే, మిగిలింది బిడ్డ పుట్టి వాళ్ళు అత్తారింటికి వెళ్ళాక చూసుకోండి. రెండో గదికి పాత మొజాయిక్ ఇంకో ఏడాది ఉన్నంత మాత్రాన ఏమీ కాదు. ఉన్న రోజుల్లో ముందు పగలగొట్టే పని, తర్వాత టైల్స్, తర్వాత లప్పం, చివర రంగులు. రంగులయ్యాక అమ్మాయి వచ్చే రోజుకి కనీసం మూడు వారాలు ఎడం ఉండేలా వెనక నుంచి లెక్కేసుకుని రండి. అంత ఎడం దొరక్కపోతే ఈసారికి రంగులు మానేయండి.

తలుపు వేస్తే దుమ్ము ఎందుకు ఆగడం లేదంటే, తలుపు కింద సందు ఉంది, పైగా ఆ గదిలో కిటికీలోంచి గాలి లోపలికి కొడుతోంది. లోపలికి వచ్చిన గాలి ఎక్కడికో పోవాలి కదా, మీ హాల్లోకి పోతోంది. దీన్ని తిప్పికొట్టాలి. ఆ గది కిటికీలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యానుగానీ, లేకపోతే మామూలు టేబుల్ ఫ్యానుగానీ ముఖం బయటకి తిప్పి పెట్టండి, పక్కన ఖాళీ ఉంటే అట్టముక్కతో మూసేయండి. గుమ్మానికి ఇంటివైపు నుంచి దళసరి ప్లాస్టిక్ షీటు వేసి నాలుగు పక్కలా టేపు అంటించి, మనిషి దూరడానికి మధ్యలో నిలువుగా చీల్చి, దానిమీద ఇంకో షీటు వేలాడదీయండి. ఇప్పుడు ఆ చీలిక దగ్గర ఒక అగరొత్తి వెలిగించి పట్టుకోండి. పొగ పని జరిగే గదిలోకి పోతుంటే మీరు గెలిచినట్టు. మీ ముక్కులోకి వస్తుంటే ఫ్యాను చాల్లేదనో, ఎక్కడో సందు ఉందనో అర్థం.

ఫ్యాను కంటే ముఖ్యమైంది అసలు దుమ్ము లేవకుండా చూడటం. మొజాయిక్ పగలగొట్టే ముందు నేల బాగా తడపాలి, ముక్కలు గోనెసంచుల్లోకి ఎత్తేటప్పుడు ఇంకోసారి తడపాలి. టైల్స్ గదిలో కోయనివ్వకండి. తిన్నటి కోతలకి గీత గీసి విరిచే చేతి కట్టర్ ఉంటుంది, దానికి కరెంటూ అక్కర్లేదు, దుమ్మూ ఉండదు. మూలలకి, పైపుల దగ్గర గుండ్రటి కోతలకి మాత్రమే మిషన్ (నీళ్ళతో వాడటానికి తయారైనదే), అదీ ఆరుబయట, నీళ్ళు పోస్తూ. మేస్త్రీ "బురదవుతుందమ్మా" అంటాడు. అవనివ్వండి. బురద నేలమీదే ఉంటుంది.

ఊడ్చడం గురించి కూడా చెప్పాలి. సాయంత్రం పనివాళ్ళు పొడి చీపురుతో ఊడ్చి శుభ్రం చేశామంటారు, నిజానికి రోజు మొత్తంలో గాలి బాగా పాడయ్యే సమయాల్లో అదొకటి. కంటికి కనిపించే దుమ్ము అరగంటలో కిందకి దిగిపోతుంది, ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్ళే సన్నటిది గంటల తరబడి తేలుతూనే ఉంటుంది, చీపురు దాన్ని మళ్ళీ లేపుతుంది. రంపపు పొట్టుగానీ ఇసుకగానీ తడిపి చల్లి ఊడ్పించండి, ఆ తర్వాత తడిగుడ్డ. పని జరిగే గదిలో ఏసీ ఉంటే స్విచ్ తీసేసి ఇండోర్ యూనిట్‌కి కవరు కట్టేయండి. ఆ సన్నటి పొడి లోపలి రెక్కల సందుల్లోకి వెళ్ళి, తడి తగిలి గట్టిపడితే సర్వీసింగ్ కుర్రాడు కూడా చేతులెత్తేస్తాడు. మా ఇంట్లో అలాగే ఒక ఏసీ పోయింది, సలహాలు చెప్పేవాడి ఇంట్లోనే అని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

మొజాయిక్ ఇల్లు అన్నారు కాబట్టి పాతదే అయి ఉంటుంది. తలుపులకీ కిటికీ చువ్వలకీ పాత ఆయిల్ పెయింటు ఉంటే దాన్ని పొడిగా ఎమరీ పేపరుతో గీకించవద్దు. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదన్న రూలు మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిళ్ళలో, సీసం చాలా ఎక్కువ ఉండేది. గర్భిణికీ చిన్నపిల్లలకీ సీసం పొడి అస్సలు తగలకూడదు. ఊడిపోకుండా గట్టిగా ఉన్న పాత రంగుని అలాగే వదిలేయడం మంచిది. ఊడుతున్నచోట మాత్రం తడిపి గీకించి, పెచ్చులు కవర్లో కట్టి బయట పడేయించండి.

ప్ర: నేను డిగ్రీ చదువుతున్నాను. మా నాన్న ఇరవై ఏళ్ళుగా గ్రానైట్, టైల్స్ పని చేస్తున్నారు. ఈ మధ్య వంటింటి గట్లకి క్వార్ట్జ్ అని కొత్త రాయి ఎక్కువగా కోస్తున్నారు. మెట్లెక్కితే ఆయాసం, పొడి దగ్గు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే "బీడీ సిగరెట్టు తాగను, నాకేమవుతుంది" అంటారు. పనిలో ముఖానికి తువ్వాలు కట్టుకుంటారు. నిజంగా భయపడాల్సిన విషయమేనా?
ఒక పాఠకుడు, ఖమ్మం

జ: తమ్ముడూ, ఈ వారం వచ్చిన వాటిలో నీ ఉత్తరమే నన్ను కూర్చోనివ్వలేదు. ఇంటివాళ్ళు నెల్లాళ్ళు పీల్చే దుమ్ముని మీ నాన్నలాంటి వాళ్ళు రోజూ, ఏళ్ళ తరబడి పీలుస్తారు, కానీ నాకు వచ్చే ఉత్తరాలన్నీ ఇంటివాళ్ళవే.

అవును, విషయం పెద్దదే. రాయి కోస్తే వచ్చే తెల్లపొడిలో సిలికా ఉంటుంది. గ్రానైట్‌లో అది దాదాపు మూడో వంతు దాకా ఉండొచ్చు. క్వార్ట్జ్ అని నువ్వు చెప్పిన రాయి గనిలోంచి తీసింది కాదు, రాతిపొడిని రెజిన్‌తో కలిపి ఫ్యాక్టరీలో అచ్చుపోసింది, అందులో సిలికా 90 శాతం పైన కూడా ఉంటుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కట్టే జబ్బు పేరు సిలికోసిస్. ఈ రకం రాయి కోసే కుర్రాళ్ళు వరసగా జబ్బుపడుతున్నారని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి దాన్ని పూర్తిగా నిషేధించింది. మన దగ్గర షోరూముల్లో అదే ఫ్యాషను.

నాన్నని ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. లోపలికి వెళ్ళగానే దగ్గు సంగతి కంటే ముందు "ఇరవై ఏళ్ళుగా రాయి కోస్తున్నారు" అని నువ్వే చెప్పు. పొగ తాగుతారా అని అడిగే డాక్టర్లు ఏం పని చేస్తారని అడగడం మర్చిపోతుంటారు. ఎక్స్‌రేలో సిలికోసిస్ చూడ్డానికి టీబీలా కనిపించవచ్చు, పైగా సిలికా ఉన్న ఊపిరితిత్తులకి టీబీ తొందరగా పడుతుంది కూడా. అందుకే రెండింటికీ పరీక్ష చేయించాలి. సిలికోసిస్ అని తేలితే పడిన మచ్చలు పోవు, దానికి మందు లేదు. దుమ్ము ఎంత త్వరగా ఆపితే అంత మేలు. ఇది ఆయన్ని భయపెట్టడానికి కాదు, వచ్చే ఏడాదికి వాయిదా వేయకుండా ఉండటానికి చెబుతున్నాను.

తువ్వాలు ముక్కులోకి ఇసుక రేణువులు పోకుండా ఆపుతుంది, అంతవరకే. హాని చేసే పొడి వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు, బట్ట నేతలోంచి హాయిగా దూరిపోతుంది. ఎన్95 మాస్కు కావాలి, ముక్కు దగ్గర తీగ నొక్కి, గడ్డం పక్కలా సందు లేకుండా. గడ్డం పెంచితే అది ముఖానికి అతుక్కోదు. కానీ మాస్కు చివరి మాట, మొదటిది నీళ్ళు. బ్లేడు మీద నీళ్ళు పడుతూ కోసే మిషన్లు ఉన్నాయి. బ్లేడు మీదకి నీళ్ళ గొట్టం లేనిచోట వాటర్ బాటిల్ మూతకి మేకుతో చిల్లు పెట్టి ఒక మనిషి ధార పోస్తూ ఉంటే ఇంకొకరు కోయడం నేను చాలా సైట్లలో చూశాను, దుమ్ము చాలావరకు అణుగుతుంది. అయితే మామూలు గ్రైండర్‌కీ నీళ్ళకీ పొత్తు కుదరదు, షాక్ కొట్టి ప్రాణాలు పోతాయి. నీళ్ళతో వాడటానికి తయారైన మిషనే వాడాలి, ఆ లైనుకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) ఉండి తీరాలి. సాయంత్రం ఇంటికి రాగానే పనిబట్టలు గుమ్మం బయటే విప్పి నీళ్ళలో వేయమను, లోపల దులపొద్దు, ఆ పొడి మీ అమ్మకీ నీకూ వద్దు.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో ఆయన పేరు ఉందో లేదో కూడా చూడు. 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్ళు నమోదు చేసుకోవచ్చు. ఇల్లు కట్టించుకునే పాఠకులు ఇది చదువుతుంటే ఒక మాట. నీళ్ళు పోసి కోస్తే పని నెమ్మదిగా సాగుతుంది, ఇంకో మనిషి కూలి పడుతుంది. ఆ కూలి మీరు ఇవ్వాలి, మేస్త్రీ జేబులోంచి రాదు.

ప్ర: హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్. 12 రోజుల్లో గృహప్రవేశం. కప్‌బోర్డులు, కిచెన్, టీవీ యూనిట్ అన్నీ మొన్ననే పూర్తయ్యాయి. లోపలికి వెళ్తే కళ్ళు మండుతున్నాయి. మా ఐదేళ్ళ బాబుకి ఆస్తమా ఉంది. ఎయిర్ ప్యూరిఫయర్ కొని మూడు రోజులుగా తలుపులేసి నడుపుతున్నాం, ఏం తేడా లేదు. ఇంటీరియర్ ఆయన "ఈ1 ప్లై సార్, రెండ్రోజుల్లో వాసన పోతుంది" అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకుడు, నిజాంపేట

జ: ప్యూరిఫయర్‌ని తిట్టకండి, దాని పని అది కాదు. అందులో ఉండే హెపా ఫిల్టరు రేణువుల్ని పట్టుకుంటుంది, వాయువుల్ని కాదు. కొన్నింట్లో బొగ్గు పొర కూడా ఉంటుంది కానీ పలచగా ఉంటుంది, కొత్త వుడ్‌వర్క్ ముందు అది ఇట్టే నిండిపోతుంది. అన్నిటికంటే పొరపాటు తలుపులు వేయడం. ఏసీ వేసినా అంతే, స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని తీసుకురాదు.

మీ ఇంట్లో రెండు వాసనలు కలిసి ఉన్నాయి. లామినేట్ అంటించే జిగురు, థిన్నర్, పాలిష్ వాసన గట్టిగా కొడుతుంది, కానీ గాలి ఆడితే రోజుల్లో, వారాల్లో తగ్గుతుంది. రెండోది ఫార్మాల్డిహైడ్ అనే వాయువు. ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డుల్లో చెక్కని పట్టి ఉంచే జిగురులోంచి వస్తుంది, కళ్ళు మండటంలో దానికీ పాలు ఉండొచ్చు. అది నెలల తరబడి కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది, ముక్కు అలవాటుపడి పోయిందనుకుంటాం. దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చి చాలా కాలమైంది. ఈ1 అంటే తక్కువ వదులుతుందని, వదలదని కాదు. పైగా ఆ ముద్ర బోర్డుకి, మీ ఇంట్లో వాడిన జిగురు డబ్బాలకీ పాలిష్‌కీ కాదు.

చేయాల్సింది ఇది. ఈ 12 రోజులూ ప్రతి షట్టరు తెరిచి, ప్రతి సొరుగు బయటకి లాగి ఉంచండి. వేడికి, తేమకి ఈ వాయువు ఎక్కువగా వస్తుంది, కాబట్టి మధ్యాహ్నం ఎండ వేళ కిటికీలన్నీ బార్లా తెరిచి, ఒక పక్క కిటికీలో ఫ్యాను బయటకి ఊదేలా పెట్టండి, ఎదుటి పక్క నుంచి బయటి గాలి లోపలికి వస్తుంది. సెక్యూరిటీ భయం ఉంటే పగలంతా ఎవరినైనా అక్కడ కూర్చోబెట్టండి. కప్‌బోర్డుల వెనక, అడుగున, కీళ్ళ రంధ్రాల దగ్గర ముడి అంచులు కనిపిస్తాయి చూడండి, వేలు పెడితే గరుగ్గా తగులుతాయి. పైన మెరిసే లామినేట్‌లోంచి కాదు, ఆ ముడి అంచుల్లోంచే ఎక్కువ వస్తుంది. ఇంటీరియర్ ఆయన్ని పిలిచి వాటన్నిటికీ ఎడ్జ్ బ్యాండ్ (అంచుకి అంటించే పట్టీ) వేయించండి, అది పట్టని చోట నీళ్ళతో కలిపే సీలరు పూయించండి. చివరి పేమెంటు దానికోసం ఆపండి, తప్పేం లేదు.

ముహూర్తం మార్చమని నేను చెప్పను, చెప్పినా మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు. పాలు పొంగించండి, వ్రతం చేసుకోండి. హోమం ఉంటే బాల్కనీ తలుపు పక్కనే పెట్టించి ఆ కాసేపు బాబుని కారిడార్‌లో ఆడించండి. మూడు నిద్రలు చేయాలంటే పెద్దవాళ్ళు హాల్లో కిటికీలు తెరుచుకుని చేస్తారు. బాబుని మాత్రం కొన్నాళ్ళు అమ్మమ్మ దగ్గర ఉంచి, వాడు వచ్చాక కూడా కొత్త కప్‌బోర్డులున్న గదిలో పడుకోబెట్టకండి. ఇన్‌హేలర్ సంగతి వాడి డాక్టరుతో మాట్లాడండి. ఆన్‌లైన్లో దొరికే చవక ఫార్మాల్డిహైడ్ మీటర్లు కొనకండి, శానిటైజర్‌కీ సెంటుకీ కూడా ఎగిరి పడతాయి.

ప్ర: రంగుల వాసనకి ఉల్లిపాయ ముక్కలు నీళ్ళలో వేసి గదిలో పెట్టమంటున్నారు. స్నేక్ ప్లాంట్ పెడితే గాలి శుభ్రపడుతుందని కూడా విన్నాను. నిజమేనా?
ఒక పాఠకురాలు, రాజమండ్రి

జ: ఉల్లిపాయ పెడితే రంగు వాసన పోదు, ఉల్లిపాయ వాసన తోడవుతుంది. మొక్కల కథ 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి వచ్చింది, అది చిన్న మూసిన పెట్టెలో చేసింది. మామూలు ఇంట్లో కిటికీల వల్ల జరిగేంత శుభ్రం మొక్కలతో జరగాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కల దాకా కావాలని 2019లో పాత పరిశోధనలన్నీ తిరగేసిన శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అందానికి పెట్టుకోండి.

ప్ర: మాదాపూర్‌లో ఒక ఆఫీసుకి ఫెసిలిటీస్ చూస్తాను. మా ఫ్లోర్‌లోనే సగంలో కొత్త ఇంటీరియర్ పని నడుస్తోంది, మిగతా సగంలో 60 మంది పని చేస్తున్నారు. మధ్యలో జిప్సం గోడ కట్టాం. అయినా మానిటర్ల మీద తెల్లపొడి, అందరికీ గొంతు గరగర.
ఒక పాఠకుడు

జ: గోడ కట్టారు సరే, ఫాల్స్ సీలింగ్ పైన ఏం కట్టారు? చాలా ఆఫీసుల్లో ఏసీ రిటర్న్ గాలి సీలింగ్ పైనున్న ఖాళీలోంచే వెనక్కి వెళ్తుంది. గోడ సీలింగ్ దాకా లేచి ఆగిపోతే, పైన దుమ్ముకి రాచబాట. పని జరిగే వైపు రిటర్న్ గ్రిల్స్ అన్నీ ప్లాస్టిక్ వేసి మూసేయించండి, గోడని స్లాబు దాకా లేపించండి, వీలైతే ఆ సగానికి ఏసీ పూర్తిగా ఆపేసి కిటికీ అద్దం ఒకటి తీసి ఎగ్జాస్ట్ పెట్టించండి. పైన తెనాలి వారికి చెప్పిన అగరొత్తి పరీక్ష మీకూ పనికొస్తుంది, సెక్యూరిటీకి చెప్పి చేయండి.

ఇది కొత్త తెలివేమీ కాదు. అమెరికాలో డక్టు కాంట్రాక్టర్ల సంఘం స్మాక్నా ఎప్పుడో రాసిపెట్టింది: ఏసీని కాపాడు, దుమ్ము పుట్టేచోటే ఆపు, దారి మూయి, రోజూ శుభ్రం చేయి, మనుషులు లేని వేళ పని పెట్టుకో. గ్రీన్ బిల్డింగ్ రేటింగులకి కూడా ఇవే అడుగుతారు. అమెరికా బయట తొలి లీడ్ ప్లాటినం భవనం (లీడ్ అంటే సీసం కాదు, అమెరికా వాళ్ళ గ్రీన్ బిల్డింగ్ రేటింగు) మీ ఆఫీసుకి దగ్గర్లోనే ఉంది, పరిశ్రమల సంఘం సీఐఐ వారి గ్రీన్ బిజినెస్ సెంటర్, 2004లో కలాంగారు ప్రారంభించారు. అంత పేరున్న ఊళ్ళో లప్పం గీకుడు సోమవారం ఉదయం పది గంటలకి పెట్టుకోవడం ఏం ముచ్చట? శుక్రవారం రాత్రికి మార్చండి. పని అయ్యాక ఏహెచ్‌యూ (ఏసీ గాలిని ఫ్లోరంతా పంపే పెద్ద యూనిట్) ఫిల్టర్లు కడగడం కాదు, మార్చాలి. దుమ్ముకి మోగకుండా స్మోక్ డిటెక్టర్లకి తొడిగిన టోపీలు తీశారో లేదో ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూసుకోండి, ఏళ్ళ తరబడి వాటితోనే ఉండిపోయిన ఫ్లోర్లు నేను చూశాను.

ప్ర: పాత సిమెంటు రేకులు తీసి స్లాబు వేయిస్తున్నాం. రేకుల్ని ముక్కలు చేసి పునాదిలో వేసేయమంటున్నాడు మేస్త్రీ.
ఒక పాఠకుడు, అనకాపల్లి

జ: వద్దు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది, క్యాన్సర్ తెస్తుంది. రేకు పడి ఉన్నంతసేపు పెద్ద ప్రమాదం లేదు, పగిలినప్పుడూ కోసినప్పుడే పీచు గాలిలోకి లేస్తుంది. బాగా తడిపి, బోల్టులు విప్పి, నిండు రేకులుగానే దించండి. గ్రైండర్ తగలనివ్వద్దు, సుత్తితో కొట్టనివ్వద్దు. దించేవాళ్ళకి మంచి మాస్కులు ఇవ్వండి. విరిగిన ముక్కలు తడిగానే రెండు పొరల కవర్లో కట్టి, ఎక్కడ పడేయాలో మునిసిపాలిటీని అడగండి. పిల్లలు ఆ రోజు అక్కడ ఉండకూడదు.

ప్ర: పని అంతా అయిపోయింది, రెండుసార్లు తుడిపించాం. ఇక ఏసీ వేసుకుని, పరుపులు పరుచుకోవచ్చని ఎలా తెలుస్తుంది?
ఒక పాఠకురాలు, వరంగల్

జ: రాత్రి లైట్లన్నీ తీసేసి, టార్చి నేలకి ఆనించి ఏటవాలుగా వేయండి. తుడిచిన టైల్స్ మీద కూడా తెల్లటి పొర కనిపిస్తే ఇంకోసారి తడిగుడ్డ పడాలి. తర్వాత నల్లటి గుడ్డ తీసుకుని ఎవరూ తుడవని చోట్లు చూడండి: తలుపు చెక్క పై అంచు, కిటికీ పట్టాల గాడి, స్విచ్‌బోర్డు పైభాగం, అల్మరా మీద. గాలిలో తేలే సన్నటి పొడి మాత్రం కంటికి అందదు, కాబట్టి తుడిచాక ఒక రోజు ఎవరూ నడవకుండా వదిలేసి మర్నాడు మళ్ళీ తుడిపించండి. ఏసీ ఫిల్టర్లు తీసి కడిగి ఆరబెట్టాకే స్విచ్ వేయండి. అన్నిటికంటే ముందు సీలింగ్ ఫ్యాను రెక్కల పైభాగం, నిచ్చెనేసుకుని. అది మర్చిపోయి మొదటిసారి ఐదులో పెట్టారనుకోండి, ఆ గదిలో పని మళ్ళీ మొదటికొస్తుంది, పరుపులతో సహా.